దివ్యదృష్టికి దొరికిన నా పాస్‌వర్డ్

ఈ ఉదయం మా మనవరాలు నా ఈమెయిల్‌కు రెండో తాళం వేసింది. ఇకమీద పాస్‌వర్డ్ ఒక్కటే చాలదట, ఫోన్‌కు వచ్చే అంకెలు కూడా కొట్టాలట. పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా తాతయ్యా అని ఆ పిల్ల అడిగేసరికి నాకు నవ్వు ఆగలేదు. ఒకప్పుడు నా పాస్‌వర్డ్ నరసరావుపేట అంతటికీ తెలుసు మరి!

అవి ఊళ్లోకి ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజులు. మా పెదనాన్నగారి అబ్బాయి, నాకు అన్నయ్య, బస్టాండు దగ్గర నాలుగు కంప్యూటర్లతో ఒకటి పెట్టాడు. వచ్చినవాళ్లు మరిచిపోతారని నాతో సహా అందరి పాస్‌వర్డులూ ఒక నోటుబుక్కులో రాయించి, దాన్ని పురికొసతో బల్లకు కట్టేశాడు. మీరూ ఆ కాలం వారే కదా, మీకు తెలియనిదేముంది, మనం మరుపుకు భయపడ్డాం గాని దొంగకు భయపడలేదు.

అప్పట్లో మా హేతువాద సంఘానికీ, దివ్యదృష్టి ఉందనే ఒక స్వామికీ గురజాలలో పందెం పడింది. రెండు ఆదివారాలు, రెండు ఉత్తరాలు. నాకు వచ్చిన ఉత్తరంలో ఏముందో ఆయన వేదిక మీద చెప్పాలి. రెండూ చెబితే నేను ఆయన కాళ్లకు మొక్కి, సంఘం మూసెయ్యాలి. కాగితమైతే ఎవరైనా విప్పి చదువుతారని, మహా తెలివిగా, ఈమెయిల్ కావాలని పట్టుబట్టింది నేనే! మాచర్లలో మా మేనత్త చెబుతుంటే ఆమె కూతురు టైపు చేసి పంపేది.

మొదటి ఆదివారం స్వామి కళ్లు మూసుకుని, మా మేనత్త గేదె ఈనిందనీ, దూడకు నుదుట తెల్లమచ్చ ఉందనీ పొల్లుపోకుండా చెప్పాడు. జనం ఒకటే చప్పట్లు.

మర్నాడు అన్నయ్య దగ్గర మొర పెట్టుకుంటే ఆయన చల్లగా అన్నాడు: "ఒరేయ్, దానికి దివ్యదృష్టి ఎందుకురా? సామి శిష్యుడు రోజూ వస్తాడు. ఆ పుస్తకం తిరగేసుకుంటా గంటలకి గంటలు కూర్చుంటాడు. చానా నెమ్మదస్తుడు."

దేన్నీ పరీక్షించకుండా నమ్మవద్దని ఊరూరా గొంతు చించుకున్న నేను ఆ నోటుబుక్కును ఒక్కనాడూ అనుమానించలేదు! సిగ్గుతో పాటు ఉత్సాహమూ పొంగింది. పాస్‌వర్డ్ మార్చలేదు. మేనత్తకు ఫోన్ చేసి, ఈసారి ఏం రాయాలో చెప్పాను.

రెండో ఆదివారం స్వామి మరింత సేపు కళ్లు మూసుకున్నాడు. పాపం, మీ మేనత్త మెట్ల మీద జారి, కాలు విరిగి మంచాన పడిందని కన్నీళ్లు పెట్టుకున్నాడు. అప్పుడు ఆడవాళ్ల వరుసలోంచి మా మేనత్త లేచింది. చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని చకచకా వేదిక ఎక్కి నిలబడింది.

"ఏంది సామీ, ఇరిగింది కుడిదా ఎడందా? నాకూ తెలియాలిగా!"

గురజాల అంతా గొల్లున నవ్వింది. స్వామి ఏ దారిన పోయాడో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ మార్చాను, ఆ తరువాత అన్నయ్యకు కూడా చెప్పలేదు.

ఇప్పుడు తాళాలు గట్టిపడ్డాయి, మంచిదే, మీరూ వేసుకోండి. కానీ నాటి మోసగాడు మన ఊరి వేదిక మీద, మన కళ్లెదుట కూర్చునేవాడు. నేటివాడికి ముఖం లేదు, ఊరు లేదు. వాదించి ఓడిద్దామంటే ఎదుట మనిషే లేడు.