కొండగట్టుకని చెప్పి రాయించిన పరీక్ష

జగిత్యాలలో ఒక ప్రైవేటు బడివాళ్లు తెలివైన పిల్లల కోసం ఆరో తరగతి నుంచి వేరే సెక్షన్ పెడుతున్నారని కోరుట్లలో మా ఇంటిదాకా కబురు వచ్చింది. పరీక్షలో నెగ్గినవాళ్లనే తీసుకుంటారట. మా మనుమరాలు అప్పుడు ఐదో తరగతి. వచ్చే నెల ఫలానా తారీఖు ఏ వారం అవుతుందో క్యాలెండర్ చూడకుండా చెప్పేది. నేను డైరీ తెరిచి సరిచూసేవాణ్ని. తప్పేది కాదు.

పరీక్ష రాయిద్దామని కోడలు పట్టుబట్టింది. "ఎవ్వలకు చెప్పకు మామా. పక్కింటోళ్లకైతె అసలే చెప్పకు. దిష్టి తగులుతది."

మా దిక్కు పిల్లల పరీక్షయినా, సంబంధమైనా పని అయ్యేదాకా బయటపెట్టరు. అడిగితే కొండగట్టుకు పోతున్నామంటారు. అంజన్న గుడికి ఎందుకు పోతున్నావని ఎవరూ అడగరు. పక్కింటాయన రోజూ మా వరండాలో పేపరు చదువుతాడు. నా డైరీ ఆ బల్ల మీదే ఉంటుంది కనుక అందులో కూడా 'రేపు కొండగట్టు' అనే రాశాను.

కొడుకు దుకాణానికి బట్ట తేవడానికి సిరిసిల్లకు పోయాడు. నేను, కోడలు, మనుమరాలు కరీంనగర్ బస్సెక్కాం. ముందు సీట్లో పక్కింటాయన, ఆయన భార్య, మా పిల్లతో చదివే వాళ్ల బిడ్డ.

"ఎక్కడికి సారూ?"

"కొండగట్టుకు. మీరు?"

"మేం గూడ గాడికే. మొక్కున్నది."

వాళ్ల పిల్ల ఒళ్లో పరీక్ష అట్ట ఉంది. మొక్కుకు అట్ట ఎందుకని నాకు అనుమానం వచ్చింది. మా పిల్ల అట్ట కోడలి సంచిలో కొబ్బరికాయ కింద ఉంది.

జగిత్యాల బస్టాండు వచ్చింది. కొండగట్టు ఆ తర్వాతే. వాళ్లు కదల్లేదు. మేమూ కదల్లేదు.

పక్కింటామె వెనక్కి తిరిగింది. "దిగుతరా అక్కా?"

"లే. మీరు?"

"మేమెందుకు దిగుతం?"

బస్సు బయలుదేరింది. ఊరు దాటుతుండగా మనుమరాలు ముందుకు వంగి స్నేహితురాలిని అడిగింది. "పరీక్ష జగిత్యాలల్నే గదనే?"

"అవు. మీరు దిగినంక దిగుదమన్నది మా మమ్మీ."

మేమంతా లేచేసరికి కండక్టర్ బస్సు ఆపించాడు. "అందరు కొండగట్టంటిరి. అంజన్న గీడికే ఎదురొచ్చిండా?"

రెండు కుటుంబాలం ఒకే ఆటోలో వెనక్కి వచ్చాం. బడి చేరేసరికి పరీక్ష సగం అయిపోయింది. గేటు దగ్గర బతిమాలాలేమో అనుకున్నాను. అక్కడి మనిషి నవ్వుతూ, "ఏం గాదు, రండ్రి" అన్నాడు. తెలివైనవాళ్లను ఏరుకునే పరీక్షకు ఇంత తేలికగా రానిస్తారా? పక్కింటివాళ్ల మీద ఉన్న అనుమానం అప్పుడే బడి మీదికి మళ్లింది.

కొన్నాళ్లకు బడి నుంచి కోడలికి ఫోన్ వచ్చింది. పిల్ల బాగా రాసిందని, ఒక్క సీటే మిగిలిందని, బయట ఎవరికీ చెప్పవద్దని. మర్నాడు పక్కింటాయన పేపరు తెరిచాడు కానీ పేజీ తిప్పడం లేదు.

"మీకు గూడ ఫోన్ వచ్చిందా?" అన్నాను.

"ఏ ఫోన్ సారూ?"

"ఒక్క సీటే ఉన్నదని."

ఆయన పేపరు మడిచాడు. "ఎవ్వలకు చెప్పొద్దన్నరా?"

ఇద్దరం కలిసి జగిత్యాల పోయాం. పిల్లలు రాసిన పేపర్లు చూపించమన్నాం. చూపించే పద్ధతి లేదన్నారు. పాఠాలు చెప్పేదెవరని అడిగితే, పెద్ద సార్లు వస్తారన్నారు. పేర్లు చెప్పలేదు.

ఇంట్లో నేను వద్దన్నాను. కోడలు ఒప్పుకోలేదు. "మన పిల్ల సగం రాసినా నెగ్గుతది మామా. మంచి సార్లు దొరికితె యాడికో పోతది. నీ అనుమానంతోని దాని కాళ్లు కట్టేస్తవా?"

తలుపు దగ్గర నిలబడి మనుమరాలు విన్నది. "నాకు నిజంగ సీటొచ్చిందని నమ్ముతలేవా తాతా?"

నేను నమ్మనిది బడినని చెప్పాను. ఆ తేడా పదేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది?

చివరికి కొడుకు నా మాటే విన్నాడు. పంపేది లేదని పక్కింటివాళ్లతోనూ మాట అయింది. అయినా బడులు తెరిచిన రోజు కోడలు పొద్దున చల్లిన వాకిట్లోనే మళ్లీ సాంపి, అదే పేడనీళ్లు, చల్లడానికి బకెట్‌తో బయటికి పోయింది. పక్కింటామె కూడా బకెట్‌తోనే ఉంది.

"ఏందక్కా, రెండోసారా?"

"నువ్వు గూడ గంతే గదా."

జగిత్యాల బడి పసుపు బస్సు మా వీధిలోకి వచ్చింది. మా ఇల్లు దాటింది, వాళ్ల ఇల్లు దాటింది, మూలమీది ఇంటి ముందు ఆగింది. కొత్త యూనిఫాంలో ఒక పిల్లవాడు ఎక్కాడు.

"వీళ్లు పరీక్ష నాడు పెండ్లికి పోయినమన్నరు" అంది పక్కింటామె.

కోడలు బకెట్ దించి నా వైపు చూసింది. మనుమరాలు పుస్తకాల సంచి భుజాన వేసుకుని, ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూసి, పాత బడి వైపు నడిచింది.