బావ దుకాణం మీది గిర్ని బోర్డు

మా బావ గొంతు దొరికింది. పోయిన నెల సిరొంచలో మా పెద్దక్క భర్త కాలం చేసినప్పుడు, ఆ గొంతు కూడా ఆయనతోనే పోయిందనుకున్నాం. నిన్న మా అమ్మాయి దాన్ని వెనక్కి తెచ్చింది. సంతోషం పట్టలేక రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

మాది మరాఠీ రాష్ట్రంలో ఉన్న తెలుగు కుటుంబం, నేను మరాఠీ బడిలో నాలుగో తరగతి దాకా చదివినవాణ్ని. ఈ తెలుగు అక్షరాలు బావ పెట్టిన భిక్షే. మా మనుమలు, మనుమరాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదువుతారు. వాళ్ల కోసం బావ తన కంప్యూటర్ దుకాణంలో కూర్చుని తెలుగు పాఠాలు రికార్డు చేశాడు. అక్షరానికో హాస్యం. "ఱను చూసి భయపడకు బిడ్డా. అది మీ తాత లెక్క. ఇంట్ల ఉంటది, పనికి రాదు" అనేవాడు. ఆ తాతను నేనే.

ఆ దుకాణం వాళ్ల ఇంటి ముందు గదే. అంతకుముందు అందులో పిండి పట్టే గిర్ని ఉండేది. గిర్ని తీసేసినా బోర్డు తీయలేదు. ముసలమ్మలు జొన్నలు పట్టుకొస్తే కూర్చోబెట్టి చాయ్ పోసి, సంచి తన బండి మీద వేరే గిర్నికి తీసుకుపోయేవాడు. బోర్డు తీసెయ్యరాదా అంటే, "తీస్తే వీళ్లు నా దగ్గరికి ఎందుకొస్తరు?" అని నవ్వేవాడు.

జబ్బు పడేముందు కంప్యూటర్‌లో ఏవో మార్పులు చేశాడు. ఆయన పోయాక అది తెరుచుకోలేదు. బాగుచేసే అతను చూసి, "మొత్తం చెరిపి కొత్తగ ఎక్కియ్యాలె" అన్నాడు. చెరిపితే పాఠాలు పోతాయి, ఇంకెక్కడా నకలు లేదు. మా అమ్మాయి ఒప్పుకోలేదు. అహేరిలో కంప్యూటర్ పని చేస్తుంది, సెలవు పెట్టి వచ్చింది. ముందు డిస్కుకు నకలు తీసుకుని, లోపల వెతికింది. వెతికి వెతికి నవ్వింది.

"ఏందే, ఎందుకు నవ్వుతున్నవ్?"

"మామ బోర్డు కథే బాపూ. ఈ డిస్కు భాగంల ఫైళ్లు మునుపు వేరే పద్ధతిల ఉండె. మామ పద్ధతి మార్చిండు గానీ, పాత గుర్తు ఒక మూలకు మిగిలింది. కంప్యూటర్‌ను లేపేది బూట్ లోడర్. మామ కొత్తది ఎక్కిచ్చిండు. అది ఆ గుర్తు చూసి పాత పద్ధతే అనుకుంటున్నది. జొన్నల సంచితోని వచ్చిన ముసలమ్మ లెక్క."

"మరి పాఠాలు?"

"లోపల చల్లగున్నయి."

ఆ పాత గుర్తు ఒక్కటే తుడిచింది. తెర వెలిగింది. కాసేపటికి గదంతా బావ గొంతు: "అ అంటే అత్త. ఆ అంటే ఆమె ఆవులింత."

ఇక ఈ మాట చెప్పాల్సినవాళ్లు: అంకిసలో చిన్నక్క. రేగుంటలో తమ్ముడు, వాడి మనుమలు. పెర్మిలిలో మేనకోడలు. నది అవతల వియ్యంకులు, వాళ్లు ఫోన్ ఎత్తరు, బస్సెక్కి పోయి చెప్పాలి. పెద్దక్కకు మాత్రం చెప్పే పని పడలేదు. బియ్యం చేట చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి, తెరవైపు చూస్తూ అంటోంది:

"జర మెల్లగ చెప్పు. పిల్లలకు అర్థం కావద్దా?"