చెయ్యి కదల్లేదే

పైలట్ లైసెన్స్ వచ్చిన కొద్ది నెలలకే నలభై రోజులు విమానం ఎక్కకుండా నందిగామలో అమ్మమ్మ దగ్గర ఉండిపోయాను. రేపు హైదరాబాద్‌లో మా ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని పరీక్షిస్తారు. ఆయనకు నమ్మకం కుదరకపోతే ఇక ఒంటరిగా ఎగరనివ్వరు.

అందుకే ఈ సాయంత్రం వసారాలో కుర్చీ వేసుకుని, అదే విమానం అనుకుని సాధన మొదలుపెట్టాను. టేకాఫ్‌కి ముందు చూసుకోవాల్సినవన్నీ తెలుగులో రాసి అమ్మమ్మ చేతికిచ్చాను. ఆవిడ ఒక్కొక్కటే చదువుతుంటే నేను జవాబు చెప్పాను.

"పెట్రోలు మీట."

"తెరిచా."

అమ్మమ్మ కళ్లజోడు పైనుంచి చూసింది. "చెయ్యి కదల్లేదే?"

"ఉత్త కుర్చీయేగా అమ్మమ్మా."

"మీ అమ్మా ఇంతే. గ్యాసు కట్టేశావా అంటే మంచం మీంచే కట్టేశా అంటది."

నాకు నవ్వు రాలేదు. కాన్వెంటులో రైమ్స్ అప్పజెప్పినట్టు, ఇన్నాళ్లూ నోటితోనే విమానం నడుపుతున్నానని అర్థమైంది. మళ్లీ మొదటి నుంచి చదవమన్నాను. నాలుగోసారికి గానీ చెయ్యి దానంతటదే ఆ మీట దగ్గరికి వెళ్లలేదు.

చూడకుండానే "చూశా" అనే అలవాటు మీలో ఎవరికైనా ఉందా? ఉంటే ఎలా మానుకున్నారో ఈ రాత్రికే చెప్పండి. రేపు పక్క సీట్లో అమ్మమ్మ ఉండదు.