గొంతు పోయిన డిసెంబరు

క్రిస్మస్‌కు ముందు వారాల్లో నేను ఇంటి మనిషిని కానని మా ఆవిడ అంటూ ఉండేది. అందులో అబద్ధం లేదు. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన ఆ రోజుల్లో నేను బేతంచెర్లలో ఒక చిన్న సంఘానికి పాస్టరుగా ఉండేవాణ్ణి. బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీల వెనక మా గుడి. సంఘంలో ఎక్కువమంది గనుల్లో నాపరాయి తీసేవాళ్ళు, లారీలకు బండలు ఎత్తేవాళ్ళు. వాళ్ళే తలా కొన్ని బండలు తెచ్చి గుడిలో నేల పరిచారు. అందువల్ల ఆ నేల ఒకచోట నల్లగా, ఒకచోట పచ్చగా, ఇంకోచోట ఎర్రమట్టి రంగులో ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి నవ్వేవాళ్ళు. మాకు మాత్రం అది ముచ్చటగానే ఉండేది.

పండగ ఇరవై అయిదున అయినా, డిసెంబరు మొదలుకాగానే పల్లెకొక సెమీ క్రిస్మస్ జరిగేది. ప్రతిచోటా ఒక కేకు, రంగు కాగితం అతికించిన ఒక నక్షత్రం, ఒక ప్రసంగం. కేకు వాళ్ళది, ప్రసంగం నాది. పొద్దున ఉగ్గాని తిని బండి మీద బయలుదేరితే మళ్ళీ ఇంట్లో అన్నం ముందు కూర్చునేదెప్పుడో నాకే తెలిసేది కాదు. అయినా ఆ నెలంటే నాకు ప్రాణం. చలిగాలి మొహానికి కొడుతూ ఉంటే, రోడ్డుకు రెండువైపులా ఆరబెట్టిన పత్తిలా తెల్లటి రాతిపొడి మెరుస్తూ ఉంటే, కొత్త పాటకు వరస కట్టుకుంటూ పోయేవాణ్ణి.

ఎంత పనున్నా సోమవారం మధ్యాహ్నం మాత్రం నాది. ఆదివారం అందరికీ సెలవైతే మాకు సోమవారం సెలవు. ఆ పూట నేనూ, స్టేషన్ దారిలో కుట్టు మిషన్ పెట్టుకున్న ఒక ముస్లిం పెద్దాయనా కలిసి చేపలు పట్టడానికి పోయేవాళ్ళం. నేను గుడిలో వేసుకునే తెల్లటి అంగీ కుట్టింది ఆయనే. కొలతలు తీసుకునే రోజున మాటల్లో మాటగా గాలాల సంగతి వచ్చింది. అప్పట్నుంచి స్నేహం. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను సాబ్ అనేవాడు. ఊరి బయట రాయంతా తీసి వదిలేసిన ఒక పాత గని ఉండేది. వానలకు అది నిండి చెరువులా తయారైంది. ఎవరో అందులో చేపపిల్లలు కూడా వదిలారు. బండల అంచున కాళ్ళు వేలాడేసుకుని, పిండిముద్దలు గుచ్చి, గాలాలు వేసేవాళ్ళం.

ఆయన నోరు విప్పేవాడు కాదు. నేను మూసేవాణ్ణి కాదు. వచ్చే ఆదివారం ఏం చెప్పబోతున్నానో అంతా ఆయనకు ముందే చెప్పేవాణ్ణి. ఆయన ఓపిగ్గా వింటూ నీళ్ళకేసి చూసేవాడు. ఎప్పుడో తప్ప చేప పడేది కాదు. ఎండాకాలం వేడికి చేపలు లోపలికి పోయాయని, వానాకాలం నీళ్ళు బురదయ్యాయని, నేనే ఏదో ఒక కారణం చెప్పేవాణ్ణి.

ఆ ఏడాది డిసెంబరులో పల్లెలు ఎక్కువయ్యాయి. మైకులేమో సాయంత్రమయ్యేసరికి కరెంటుతో పాటే పోయేవి. నేను గొంతు పెంచేవాణ్ణి. గొంతు బొంగురుపోయినా మిరియాల పాలు తాగి మళ్ళీ పోయేవాణ్ణి. ఒకనాడు పొద్దు గూకే వేళ ఒక పల్లెలో మాట్లాడుతున్నాను. గొర్రెల కాపరుల దగ్గరకు దూత వచ్చిన ఘట్టం. దూత నోరు తెరిచాడు అన్నంతవరకూ వచ్చింది. ఆ తర్వాత నేను నోరు తెరిచాను గానీ శబ్దం రాలేదు. దగ్గాను, నీళ్ళు తాగాను, మళ్ళీ నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ లేదు. ఏం చెయ్యాలో తోచక కళ్ళు మూసుకుని చేతులు జోడించాను.

జనం నేను మౌన ప్రార్థనకు పిలిచాననుకున్నారు. అందరూ తలలు వంచారు. పిల్లలు కూడా కిక్కురుమనలేదు. అంత నిశ్శబ్దంగా ఆ పల్లెలో ఎప్పుడూ కూడిక జరగలేదు. చాలాసేపటికి మా సంఘ పెద్దకు అనుమానం వచ్చి ఒక కన్ను తెరిచాడు. ఆయన లారీల దగ్గర హమాలీల మేస్త్రీ, మోటు మనిషి, మనసు వెన్న. నేను గొంతు చూపిస్తూ చెయ్యి ఊపాను. ఆయన గట్టిగా ఆమెన్ అని కేకు కోయించాడు. తర్వాత చాలా రోజులు ఆ పల్లెవాళ్ళు, అయ్యగారు ఆ పొద్దు చేసిన ప్రార్థన గురించి ఎంతో గొప్పగా చెప్పుకున్నారు.

కర్నూలుకు పోయి గొంతు డాక్టరుకు చూపించుకున్నాను. అద్దంతో లోపలికి చూసి, స్వరపేటిక వాచిందని, పండగయ్యేదాకా మాట్లాడొద్దనీ, గుసగుస కూడా వద్దనీ చెప్పాడు. నా మొహం చూసి ఏం పని చేస్తారని అడిగాడు. మాట్లాడటమే ఈయన పనని మా ఆవిడ నా బదులు జవాబు చెప్పింది. ఆ మాటకు ఆయన కూడా నవ్వాపుకోలేకపోయాడు.

మా అమ్మాయి బడి పలకా బలపమూ నా మెడకు చేరాయి. మొదటి రెండు రోజులూ మనసంతా చేదు. ఏడాదంతా నేను ఎదురుచూసే నెల అది. సంఘంవాళ్ళు ఇంటింటికీ పాటలకు పోతుంటే నేను లాంతరు పట్టుకుని వెనక నడిచాను. చదువు రాని ముసలివాళ్ళకు పలక చూపిస్తే, వాళ్ళు దాన్ని కళ్ళకద్దుకుని తిరిగిచ్చేవాళ్ళు. నేను రాసిందల్లా మీ ఆరోగ్యం ఎలా ఉందనే.

సోమవారం వచ్చింది. పోనా వద్దా అనుకుంటూనే గాలం తీసుకుని పోయాను. భాయ్‌కి తెలుగు చదవడం రాదు, ఉర్దూ అక్షరాలే తెలుసు. పలక బండి మీదే వదిలేసి పక్కన కూర్చున్నాను. ఎండ వీపుకు వెచ్చగా తగులుతోంది. దూరంగా ఫ్యాక్టరీల్లో బండలు కోసే చప్పుడు. నీళ్ళలో అవతలి గట్టు నీడ వణుకుతూ ఉంది. ఇన్నేళ్ళు ఆ గని దగ్గర కూర్చున్నా, ఒక లకుముకిపిట్ట అక్కడే గూడు పెట్టుకుందని ఆ రోజే చూశాను.

కాసేపటికి నా గాలం బెండు మునిగింది. లాగితే మోచెయ్యంత బొచ్చె చేప. దాన్ని బుట్టలో వేసేలోపు భాయ్ గాలానికి ఇంకొకటి. పొద్దువాలేసరికి బుట్ట నిండింది. నేను పిల్లవాడిలా చేతులు చరుస్తున్నాను. భాయ్ గడ్డం నిమురుకుంటూ, ఎంతో మర్యాదగా అన్నాడు.

"సాబ్, తప్పుగా అనుకోవద్దండి. ఇన్నేండ్లు చేపలు ఈడనే ఉండాయి. మీరు మాట్లాడేది ఇని అవి అవతలికి పోతాండె."

నేను నవ్వాను. శబ్దం రాని నవ్వు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. మనసులో చేదంతా ఆ నవ్వుతోనే పోయింది. ఆ సాయంత్రం రెండిళ్ళలోనూ చేపల పులుసే. మా పాప ముళ్ళు ఏరుకుంటూ, నాన్నకు గొంతు ఇంకొన్నాళ్ళు రాకుండా ఉంటే బాగుండునని అంది.

అసలు సమస్య అలాగే ఉంది. పండగ రోజు గుడిలో ఎవరు మాట్లాడాలి? సంఘ పెద్ద కొత్తగా కొన్న సెల్‌ఫోనుతో అటు ఆత్మకూరు దాకా, ఇటు కడప దాకా తెలిసిన పాస్టర్లందరినీ అడిగాడు. ఆ రోజు ఖాళీగా ఉన్న పాస్టరు ఎక్కడ దొరుకుతాడు? చివరికి మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి చెప్పాడు.

"ఎవరినో యాడనుంచో పిలిపించేది ఎందుకు అయ్యగారూ? అమ్మగారు ఉండాది గదా. ఆయమ్మ చెప్తాది."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ కొంగుకు చేతులు తుడుచుకుంటూ గడప దగ్గరకు వచ్చింది.

"నేనా? నాకు వంటింట్లో మాట్లాడేది వస్తాది గానీ, గుడిలో మాట్లాడేది యాడ వస్తాదన్నా?"

"వంటింట్లో మాట్లాడినట్లే మాట్లాడమ్మా. మాకు అదే అర్థమైతాది," అన్నాడాయన.

ఆ మాట నన్ను కొద్దిగా గుచ్చుకుంది. అయినా నేను పలక మీద పెద్ద అక్షరాలతో 'చెప్పు' అని రాసి ఆమెకు చూపించాను. ఆమె నన్నూ పలకనూ మార్చి మార్చి చూసి, లోపలికి పోయి బైబిలు తీసింది. ఒప్పుకుందని నాకర్థమైంది.

ఆ వారమంతా నేను గురువును, ఆమె శిష్యురాలు. నేను పలక మీద మొదటి అంశం, రెండో అంశం అని రాసేవాణ్ణి. ఆమె కజ్జికాయలు ఒత్తుతూ చదివి, ఇది ఎవరికి పనికొస్తుందని అడిగి, పిండి చేత్తోనే తుడిచేసేది. గ్రీకు మాట ఒకటి రాస్తే, అది తినేదా కట్టుకునేదా అంది. రెండు రోజులకు నేను రాయడం మానేసి కజ్జికాయలు వేయించడానికి కూర్చున్నాను. ఇంట్లో అన్ని రోజులు వరసగా డిసెంబరులో ఉండటం మా పెళ్ళైన తర్వాత అదే మొదలు. పాప చదువుకుంటూ ఉంటే పక్కన కూర్చున్నాను. నక్షత్రానికి నేనే వెదురు బద్దలు కట్టాను. వంకరగా వచ్చినా దాన్నే గుడి మీద పెట్టారు.

పండగ పొద్దున గుడి నిండిపోయింది. వరండాలో కూడా జనం. వాళ్ళ మధ్య భాయ్ కొత్త టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆవిడ ముందుకు వచ్చింది. మైకు పక్కకు జరిపేసింది. మరియమ్మ నిండు నెలలతో అంత దూరం పోయిన సంగతి చెప్పడం మొదలుపెట్టి, ఉన్నట్టుండి తన సంగతిలోకి వచ్చింది.

కడప నుంచి మేము ఈ ఊరికి వచ్చినప్పుడు ఆమెకు ఏడో నెల. బనగానపల్లె దాటాక బస్సు చెడిపోయింది. బండలు దించి తిరిగి వస్తున్న లారీ ఒకటి ఎక్కించుకుంది. ఊళ్ళో దిగాక, పాస్టరంటే ఎప్పుడూ జనం వచ్చిపోతూ ఉంటారని ఎవరూ ఇల్లివ్వలేదు. గని పనికి పోయే ఒక అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయి, మేకల కొట్టం ఊడ్చి మంచం వేసింది. ఇదంతా నాకు తెలిసిందే. కానీ ఏ క్రిస్మస్‌కూ దాన్ని చెప్పాలని నాకు తోచలేదు.

"నా కోసం ఆ అవ్వ చలిలో మేకల్ని బయట కట్టేసింది," అంది మా ఆవిడ.

ఆడవాళ్ళ వరసలో నుంచి ఆ అవ్వే లేచి నిలబడింది. ఒంటి మీద కొత్త చీర మడతలు ఇంకా విడలేదు.

"బయట కట్టలేదమ్మా. శానా చలిగా ఉండె. అవి గూడా నీ పక్కనే పండుకున్నాయి. నువ్వు నిద్రలో ఉంటివి, నీకు తెలీదు."

గుడి మొత్తం గొల్లుమంది. మా ఆవిడ కూడా నవ్వుతూ పైటతో కళ్ళు తుడుచుకుంది. అయితే మరియమ్మకూ తనకూ ఇంకేం తేడా లేదని, ఈ ఊళ్ళో తమకు చోటిచ్చినవాళ్ళందరికీ దేవుడు చోటిస్తాడని చెప్పి కూర్చుంది. అంతే ప్రసంగం. నేను మొదటి అంశం చెప్పేంత సేపు కూడా పట్టలేదు. తర్వాత ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె చేతులు పట్టుకుని, తమ ప్రయాణాలూ కాన్పులూ చెప్పుకోవడం మొదలుపెట్టారు. వడ్డించిన భోజనాలు చల్లారిపోతున్నాయని సంఘ పెద్ద వచ్చి బతిమాలుకోవాల్సి వచ్చింది. నేను గుడి మెట్ల మీద నిలబడి, వచ్చినవాళ్ళందరికీ కజ్జికాయలు పంచాను. మాట్లాడాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

కొత్త సంవత్సరం వచ్చిన కొద్ది రోజులకు గొంతు తిరిగి వచ్చింది. మొదటి ఆదివారం నేను మూడు అంశాలతో ప్రసంగం చేశాను. అందరూ బాగుందన్నారు. సంఘ పెద్ద మాత్రం కండువా సర్దుకుంటూ చాలాసేపు నిలబడి, నెలకొక ఆదివారం అమ్మగారు మాట్లాడితే ఎట్లా ఉంటుందని మెల్లగా అడిగాడు. నాకు అసూయ కలగలేదనను గానీ, అది ఇల్లు చేరేలోపే పోయింది. మా ఆవిడ వెంటనే ఒప్పుకుంది. ఒక షరతు మాత్రం పెట్టింది. తను మాట్లాడే ఆదివారం ఇంట్లో వంట నాది.

అలా నేను పప్పు చెయ్యడం, జొన్నరొట్టె తట్టడం నేర్చుకున్నాను. పప్పు నెల రోజుల్లో వచ్చింది. రొట్టె గుండ్రంగా రావడానికి ఏడాది పట్టింది.