తోటకు కట్టిన ఎర్రగుడ్డ

తెల్లదోమ ఎక్కడో పై దేశం నుంచి వచ్చిందట. తుఫాను వదిలేసిన మా కొబ్బరిచెట్లను అది పట్టుకుంది. ఆకు అడుగున సున్నం చల్లినట్టు తెలుపు, ఆకు మీద పొయ్యిమసిలా నలుపు. అంత ఎత్తుకు మనిషి మందు కొట్టలేడని వ్యవసాయ ఆఫీసు వాళ్లు డ్రోన్లు తెచ్చారు. ముందురోజు ఆటోకు మైకు కట్టి ఊరంతా తిరిగారు.

"నూతులు మూసుకోండి. పశువుల్ని ఇప్పకండి. ఎర్రగుడ్డ కట్టిన తోటలో గడ్డి కొయ్యకండి. గుడ్డలు మేమే వొచ్చి ఇప్పుతాం."

నేను చదివింది రెండో తరగతే అయినా ఆ మాట అర్థం కాకపోలేదు. నుయ్యి మూశాను. కోళ్లను గంప కింద పెట్టాను. మనవరాలిని గడప దాటనివ్వలేదు.

మందు కొట్టిన మూడో రోజు పెద్ద వాన పడింది. మా కంచెకు కట్టిన మూడు గుడ్డలూ తడిసి బురదలో వేలాడుతున్నాయి. కొత్త గుడ్డ, గట్టి నేత. చిరిగిన లంగా కూడా పారేసే మనిషిని కాను నేను. ఇంత వాన కడిగేశాక ఇంకా మందెక్కడుంటుందనుకుని విప్పి తెచ్చి, ఉతికి, బొంతకు మాసికలు వేశాను.

పక్కింటావిడకు భర్త పోయాక ఉన్న ఒక్క ఆవే ఆధారం. నన్ను అక్క వరసలో అప్పా అని పిలిచేది. మా తోటలో గడ్డి కోసుకునేది, నాకు చెంబుడు మజ్జిగ పోసేది. పల్చన అని సణిగితే, "నీ గడ్డి పల్సనైతే నా మజ్జిగ సిక్కగా వత్తాదేటప్పా?" అనేది. మందు కొట్టినప్పుడు ఆవిడ టెక్కలిలో కూతురింట్లో ఉంది. ఆ నాలుగు రోజులూ ఆవుకు ఎండుగడ్డి నేనే వేశాను. వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆవిడ పచ్చగడ్డి కోసిన సంగతి నాకు తెలియదు.

మధ్యాహ్నానికి ఆవు నోట నురగ, కాళ్లలో వణుకు. పశువుల డాక్టరు వచ్చి అడిగాడు.

"మందు కొట్టిన గడ్డి గాని పెట్టారా?"

"నేదు బాబూ. కోయకూడదని ఊళ్లో సెప్పినారు, ఎర్రగుడ్డలున్న తోటలన్నీ ఒగ్గీసి అప్ప తోటలో కోసినాను. అక్కడ గుడ్డ నేదు."

ఆయన నా వైపు చూశాడు. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే, మరి గుడ్డలేవీ అంటారు. చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన కడుపుబ్బరమని సూది వేశాడు. ఆవు మోకాళ్ల మీద కూలబడ్డాక గాని చెంగు తీయలేదు.

"మా తోటకీ కొట్టినారు బాబూ."

"ముందే చెప్పొద్దా అమ్మా!" అంటూ ఇంకో సూది కోసం సంచి వెతికాడు. అది వేసేసరికే ఆవు మెడ వాల్చేసింది.

ఆవిడ ఆవు గంగడోలు నిమురుతూ అడిగింది, "మరి నీ గుడ్డలు ఏటైపోనాయప్పా?"

"గాలికెగిరిపోయుంటాయి."

నమ్మింది. తాను ఊళ్లో లేక మైకు విననందుకే ఇలా అయిందని తనని తానే తిట్టుకుంది. ఆ బొంత పెట్టె అడుగున ఉంది. కప్పుకోలేదు, పారేయలేదు.

తెల్లదోమ చావలేదు. రెండో విడత మందుకు మళ్లీ వచ్చారు. ఈసారి వాళ్ల చేతిలోంచి గుడ్డలు తీసుకుని ఆవిడే మా కంచెకు కట్టింది. మూడేసి ముళ్లు వేసి, లాగి చూసి, నా వైపు తిరిగింది.

"ఇక ఎగిరిపోవులే అప్పా."