ముద్ద గిట్టని పిల్ల

దగ్గు ఆగిపోయింది. నాకు భయం పట్టుకున్నది అప్పుడే. దగ్గుతున్నంతసేపూ గాలి ఆడుతోందని ధైర్యంగానే ఉన్నాను. ఇప్పుడు ఐదేళ్ల నా కూతురు నోరు తెరుచుకునే ఉంది, చప్పుడు లేదు. పెదాలు నేరేడుపండు రంగుకి తిరుగుతున్నాయి.

ఇంట్లో మాత్రం విచారణ నడుస్తోంది. పొలమారింది కదా, మరి తలుచుకున్నదెవరు?

"వజ్రపుకొత్తూరు పిన్నే అయ్యుంతాది," అంటూ మా అత్తగారు మనవరాలి మాడు మీద తడుతున్నారు.

"ఆవిడికి మనమెక్కడ గుర్తుంతామే అమ్మా! కావాలంటే ఎస్టీడీ బూతుకెళ్లి అడిగొస్తాను," అన్నారు మా ఆయన, చారు జుర్రుకుంటూ.

నేను పిల్లని లాక్కుని, తొడ మీద బోర్లా వంచి, వీపు మీద అరచేత్తో గట్టిగా చరిచాను. మళ్లీ చరిచాను. పప్పన్నం ముద్ద నేల మీద పడింది, అత్తగారి చేతిలో ఎంత గుండ్రంగా తయారైందో అంత గుండ్రంగా. తర్వాత పిల్ల ఏడుపు లంకించుకుంది. అది విని నేను నవ్వేశాను. అత్తగారు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

అసలు సంగతేమిటంటే, మెత్తగా పిసికిన అన్నం నోట్లో పడితే దానికి డోకు. మింగదు, ఉమ్మదు, బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది. అత్తగారి వైద్యం ముక్కు మూయడం. ఊపిరి కోసం నోరు తెరవగానే ముద్ద లోపలికి. ఆ సాయంత్రం జరిగిందీ అదే. అంతకుముందు దిష్టి కూడా తీశారు. మేం బాప్టిస్టులం, దిష్టి నమ్మం. అందుకే ఉప్పు తిప్పేటప్పుడు తలుపు వేసుకునేవారు.

దానికి తిండి సయించదని అందరూ అంటారు గానీ, అడుగంటిన అన్నం చెక్క, అప్పడం, కాల్చిన ఎండుచేప ఎంత పెట్టినా తింటుంది. పళ్ల కింద కరకరలాడాలి, అంతే. అన్నం ఒక పక్క, పప్పు ఒక పక్క పెడితే రెండూ తింటుంది. కలిపితే రెండూ పనికిరావు. మూడేళ్ల తమ్ముడి సంగతి వేరు. వాడు అప్పడాన్ని కూడా చారులో నానేసి గానీ ముట్టడు. ఇద్దరికీ ఒకే గిన్నెలో ఎందుకు కలిపేవాళ్లం? ఒకే గిన్నె తోముకోవచ్చని. ఇంతకన్నా పెద్ద శాస్త్రం మా వంటింట్లో లేదు.

"ఇక మీదట దానికి కలపకుండా పెడదాం అత్తయ్యా," అన్నాను.

"ఓలమ్మా! కలపకపోతే ఒంటికెలాగ పడతాదే?"

"కడుపులోకెళ్లాక అదే కలుపుకుంటుంది."

"నలుగుర్ని ఇలాగే పెంచినాను. ఎవులైనా సచ్చినారేటి?"

"మీ అబ్బాయి వంకాయ ముట్టరు కదా. గింజలు నాలిక్కి తగుల్తాయట. ఆయన ముక్కు మూయండి మరి, చూద్దాం."

మా ఆయన చారు గిన్నెతో సహా వీధి అరుగు మీదకి వెళ్లిపోయారు.

"ఆడికి గిట్టదే," అన్నారు అత్తగారు.

"దీనికీ గిట్టదు."

ఆవిడ కింద పడ్డ ముద్దని తీసి, గుప్పిట్లో పట్టుకెళ్లి పెరట్లో పారేసి వచ్చారు.

అయినా నాకు నమ్మకం లేదు. నేను పక్కన లేని పూట చూసి మళ్లీ ముక్కు మూస్తే? అందుకే మర్నాడు పొద్దున్నే పిల్లలిద్దర్నీ ఎదురుగా నిలబెట్టి చెప్పాను.

"ఇవాళ్టి నుంచి ఎవరి కంచం వాళ్లది. మీ చేత్తో మీరే తినండి. నోట్లో బాగోలేకపోతే ఉమ్మెయ్యండి, నేను తిట్టను. ఎవరైనా ముక్కు మూస్తే మాత్రం ఆ వేలు కొరికెయ్యండి. నాన్నమ్మదైనా సరే."