పల్లికాయలు ఒలుస్తూ విన్న కథ

నా చిన్నప్పుడు, ఇబ్రహీంపట్నంలో మా పక్కింటి అక్క పిల్లల కథలు రాసేది. ఊరవతల రాళ్ల నేలలో ముళ్లకంప కొట్టి, రాళ్లేరి, అందరికంటే ముందు గుడిసె వేసుకుని చేను చేసిన కుటుంబం వాళ్లది. అక్క ఆ గుడిసెలోనే పెరిగింది. ఆ బతుకునే కథలుగా రాస్తే పిల్లల పత్రికలు అచ్చు వేసేవి. మా వీధంతటికీ అది గొప్పే.

విత్తనానికి పల్లికాయలు ఒలిచే రోజుల్లో అక్క మమ్మల్ని పిలిచి, మధ్యలో కుప్ప పోసి, కొత్త కథ చదివేది. ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను మా చేతుల మీద. కథ మమ్మల్ని పట్టుకున్న చోట చేతులు ఆగేవి. ఆగని చోట ఆమె పెన్సిల్‌తో గీత పెట్టుకునేది. అప్పట్లో అది మాకు తెలియదు.

వారానికొక పుస్తకం నాకు చదవడానికి ఇచ్చేది. అది ఎక్కడ ఆగిపోతుందోనని, ఆమె ఏం చదివినా బాగుందనేదాన్ని.

ఒకనాడు వాళ్ల నాన్న కథ చదివింది. మొదటి ఏడు వాన లేక మొలకలన్నీ ఎండిపోతే, ఆయన నవ్వుతూ మళ్లీ నాగలి కట్టాడట.

"మస్తుందక్కా" అన్నాను.

"మస్తుంటే నీ చేతులెందుకు ఆగలేదే?"

నాకు తల కొట్టేసినట్టయింది. నిజం చెబితే పుస్తకాలు పోతాయి. అబద్ధమా, అప్పటికే దొరికిపోయింది. చివరికి మెల్లగా అన్నాను. "మీ బాపుకు జర గూడ భయం గాలేదా అక్కా? నాకు నమ్మబుద్ధి అయితలేదు."

చేటతో చెరుగుతున్న అక్క వాళ్లమ్మ అందుకుంది. "పోరి చెప్పింది నిజమే. ఆ దినం మీ బాపు చేని ఒడ్డు మీద కూసొని ఏడ్చిండు. తిననీకి దాసుకున్న పల్లీలు నువ్వే తెచ్చి, మల్ల విత్తుమని ఆయన చేతుల వెట్టినవ్. గది రాయవేందే?"

"బాపు చిన్నవోతడని రాయలేదమ్మా."

చూస్తే, అందరి చేతులూ ఆగిపోయి ఉన్నాయి. అక్క ఆ పేజీ మొత్తం కొట్టేసింది. లోపలికి వెళ్లి తన దగ్గరున్న వాటిలోకెల్లా లావుపాటి పుస్తకం తెచ్చి నా ఒడిలో పెట్టింది.

అచ్చయిన కథలో నాన్న ఏడుస్తాడు. అది చదివి ఊళ్లో ఎవరూ ఆయన్ని చిన్నచూపు చూడలేదు. మా నాన్నయితే రెండుసార్లు చదివించుకున్నాడు.

నా బడి ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా గ్రంథాలయంలో నేర్చుకున్నదే. ఇప్పుడు కాలనీ పిల్లలు తాము రాసినవి తెచ్చి చూపిస్తారు. ఎక్కడ నమ్మలేకపోయానో అక్కడ వేలు పెట్టి చెబుతాను. ముఖం ముడుచుకుని వెళ్తారు. రెండు రోజులకు, దాచిపెట్టింది రాసుకుని మళ్లీ వస్తారు.